చింతచెట్టు లెక్క

నాంచారి అన్నం మానేసింది. ఎందుకు మానేసిందో ధ్రువానందకు అంతు చిక్కలేదు.

అలిగి మానేయడం కాదు. గంట కొట్టగానే అందరు పిల్లలతోపాటు కంచం పట్టుకుని వచ్చేది. వరసలో ఆఖరున నిలబడేది. తన వెనక ఇంకెవరైనా వచ్చి చేరితే పక్కకు తప్పుకుని, వాళ్లను ముందుకు పంపి, మళ్లీ ఆఖరుకు పోయేది. తీరా తన వంతు వచ్చేసరికి ఖాళీ కంచంతో వెనుదిరిగేది. మంచినీళ్ల దగ్గరా ఆఖరే, అందరూ తాగాక ఒకటి రెండు గుక్కలు. స్నానాల దగ్గరా అంతే. వంట చేసే తిరపతమ్మ ముద్ద కలిపి నోటికి అందిస్తే పెదాలు బిగించేసేది.

"ఒంట్లో బాగాలేదామ్మా?" అని అడిగాడు ధ్రువానంద.

"బానే ఉంది సామీ."

"మరి తినవేం?"

"ముందు ఆళ్లు తిననీండి."

"అందరూ తినేశారుగా!"

ఆ పిల్ల వంటశాల వైపు ఒకసారి చూసింది. నిజంగా అందరూ తిన్నారా లేదా అని ఒక్కొక్క ముఖమూ వెతికి చూసినట్టు చూసింది. ఆ తరవాత వెళ్లి గోడవారన కూర్చుంది.

ఆ ఆశ్రమం సముద్రానికి దూరంగా, మెరక మీద ఉంది. ఉప్పెనకు మునగనిది ఆ చుట్టుపక్కల అదొక్కటే. నీళ్లు తీశాక, నా అన్నవాళ్లు లేని పిల్లలను ఒక్కొక్కరినే తెచ్చి అక్కడ వదిలి వెళ్లారు. పెద్దస్వామి ధ్యానమందిరం తలుపులు బార్లా తెరిచి చాపలు పరిపించారు. స్వాముల ధ్యానం పశువుల పాక పక్కకు మారింది.

ధ్రువానంద అప్పటికి కాషాయం కట్టి ఎంతో కాలం కాలేదు. పూర్వాశ్రమంలో గణితం చదివినవాడు, చదివిన చోటల్లా మొదటివాడు. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడి లేస్తుంటే, చినుకు పడితే చాలు గుమ్మాలు కరుచుకుని కేకలు పెడుతుంటే, మిగతా స్వాములు భజనలు పాడి చూశారు, పురాణం చెప్పి చూశారు. ధ్రువానంద వరండా గోడకు ఒక నల్లబల్ల కొట్టాడు. వారానికొక చిక్కులెక్క దాని మీద రాయడం మొదలుపెట్టాడు. శనివారం జవాబు చెప్పాలి. చెప్పినవాళ్లకు వేరుశనగ అచ్చు.

అందరూ చిన్న బళ్లో చదివే పిల్లలే. అయిదు సేర్ల కుండ, మూడు సేర్ల కుండ చేతికిచ్చి నాలుగు సేర్ల నీళ్లు కొలవమంటే, వాళ్లు నిజం కుండలు తెచ్చి నూతి దగ్గర పోసుకుంటూ తంటాలు పడ్డారు. కోళ్లూ మేకలూ కలిసిన దొడ్లో తలలు ఇన్ని, కాళ్లు ఇన్ని అంటే, నేల మీద బొమ్మలు గీసి కాళ్లు తగిలించారు. పులినీ మేకనూ గడ్డిమోపునూ ఏరు దాటించమంటే, ముగ్గురు పులీ మేకా గడ్డీ అయి, నాలుగోవాడు పడవ అయ్యాడు. లెక్క నడుస్తున్నంతసేపూ ఒక్కరూ ఏడవలేదు. వాన పడుతున్నా కొందరు తలెత్తి చూడలేదు.

ధ్రువానంద లోలోపల పొంగిపోయాడు. ఒకనాడు గురువుగారి పాదాలు ఒత్తుతూ అన్నాడు కూడా.

"వేదాంతం ఆపలేని ఏడుపు లెక్కతో ఆగింది, స్వామీ."

పెద్దస్వామి కళ్లు మూసుకునే, "ఆగిందా?" అన్నారు.

అందరిలోకీ నాంచారి చురుకైనది. తొమ్మిదేళ్లుంటాయి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఏ లెక్కయినా అందరికంటే ముందు ఆమెకే వచ్చేది. వచ్చినట్టు కేకేసి చెప్పేది కాదు. దగ్గరకు వచ్చి, చెవిలో చెప్పినట్టు చెప్పి, అచ్చు తీసుకుని వెళ్లిపోయేది. ఆ పిల్ల ఏడవగా ఎవరూ చూడలేదు. ఆమెను చూపించి, "చూడండి, లెక్క పట్టుకుంది, నిలదొక్కుకుంది" అనేవాడు ధ్రువానంద తోటి స్వాములతో.

కొంతకాలం పోయాక అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. "ఇకమీదట లెక్కలు మీరే కట్టండి. బాగున్నదాన్ని బల్ల మీద వేస్తాను" అని పిల్లలకు చెప్పాడు.

పిల్లలు ఏవేవో కట్టి తెచ్చారు. నాంచారి మాత్రం తేలేదు. పశువుల పాక వెనకాల కూర్చుని, పుల్లతో నేల మీద గీసేది, చెరిపేది, మళ్లీ గీసేది. ధ్రువానంద అటు వెళితే అరచేతులతో కప్పేసేది. ఆకలీ ఆటా మరిచి అలా కూర్చున్న పిల్లను చూసి, విద్యలో ఆనందమంటే ఇదే కదా అనుకున్నాడతను. తన చిన్నతనం గుర్తొచ్చింది. పలకరించి ధ్యాస చెడగొట్టకూడదని అడుగు చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేసేవాడు.

చివరికి ఒకరోజు ఆమే వచ్చింది.

"సామీ, ఒక చింతచెట్టు. కింద కోతులు. నాన్నకోతి, అమ్మకోతి, ముసలి కోతి, పెద్దపిల్ల, పసిది. నీళ్లొస్తన్నాయి."

"ఊఁ."

"నాన్నకోతి ఒక్కోసారికి ఒక్కళ్లనే వీపున ఏసుకుని కొమ్మ మీదికి ఎక్కించగలదు. ఓసారి ఎక్కి దిగేసరికి నీళ్లు నడుందాకా, రెండోసారికి గుండెల దాకా వస్తాయి. అమ్మకోతి ఓ చేత్తో పసిదాన్ని ఎత్తుకుంది, ఓ చేత్తో ముసలిదాన్ని పట్టుకుంది. చేతులు కాళీగా ఉంటే అది తనే ఎక్కగలదు. నీళ్లు నడుందాకా వస్తే ముసలిది నిలబడలేదు, జారిపోద్ది. పెద్దపిల్ల మాను పట్టుకుని గుండెలోతు దాకా ఆగగలదు." ఊపిరి తీసుకుంది. "అందరూ పైకెక్కే దారి ఉందా, లేదా?"

ధ్రువానంద ముఖం వెలిగిపోయింది. "ఎంత చక్కగా కట్టావమ్మా! జవాబు నీకు తెలుసా?"

"ఉన్నట్టే ఉంది సామీ. మీరు చెప్పాలి."

ఆ వారం బల్ల మీదికి ఆ లెక్కే ఎక్కింది. పిల్లలు వారమంతా తల బద్దలు కొట్టుకున్నారు. సగం మంది దారి లేదన్నారు. శనివారం నాడు ధ్రువానంద చాక్‌పీసు తీసుకుని చెట్టు గీశాడు, నీటి గీతలు గీశాడు.

"చూడండి. ముందు ముసలి కోతిని ఎక్కించాలి. ఆ తరవాత పసిదాన్ని. అప్పుడు అమ్మకోతికి రెండు చేతులూ ఖాళీ, తనే ఎక్కేస్తుంది. పెద్దపిల్ల మాను పట్టుకుని ఆగి ఉంటుంది కదా, ఆఖరున దాన్ని నాన్నకోతి ఎక్కిస్తుంది. అయిపోయింది. కిటుకంతా ఎక్కడుంది? పెద్దపిల్ల దగ్గర. పెద్దపిల్ల ముందు ఎక్కిందా, ముసలిది జారిపోతుంది, దాన్ని పట్టుకోబోయి అమ్మ పసిదాన్ని వదిలేస్తుంది, లెక్కంతా చెడుతుంది. పెద్దపిల్ల ఆగాలి!"

నాంచారి లేచి నిలబడింది. "ఆగితే అందరూ బతుకుతారా సామీ?"

"అందరూ! ఒక్కరు కూడా పోరు."

చప్పట్లు కొట్టించి, ఆమెకు రెండు అచ్చులు ఇచ్చాడు. ఆమె వాటిని తినలేదు. తిరపతమ్మ చాపలు దులుపుతుంటే నాంచారి చాప కింద అవి దొరికాయి, నల్లగా చీమలు పట్టి.

అన్నం మానేసింది ఆ శనివారం నుంచే. ఆ రెంటికీ సంబంధం ఉంటుందని మాత్రం ధ్రువానందకు తట్టలేదు.

మిగతా పిల్లలు ఆ లెక్కను ఆట చేసుకున్నారు. వంటశాల మెట్లే చింతచెట్టు. ఒకడు నాన్నకోతి. మెట్ల కింద ఉన్నవాళ్లంతా చప్పట్లు చరుస్తూ, "పెద్దపిల్ల ఆగాలీ! పెద్దపిల్ల ఆగాలీ!" అని పాడుతున్నారు. గంజి వారుస్తున్న తిరపతమ్మ ఆ పాట విని బయటికి వచ్చింది. కాసేపు నిలబడి ఆట చూసింది. 

తిన్నగా ధ్రువానంద దగ్గరకు వచ్చింది.

"ఈ లెక్క ఎవరు కట్టింది సామీ?"

"నాంచారి. ఎందుకమ్మా?"

"మాదీ దానిదీ ఒకటే పల్లె. ఆళ్ల ఇంటి ముందర ఉన్నది చింతచెట్టే." గంజి చేతులు కొంగుకు తుడుచుకుంది. "నీళ్లొచ్చినప్పుడు ఈ పిల్ల ఆళ్ల నాన్న వీరాసామి మెడ కరుచుకుని వదల్లేదంట. వీరాసామి ముందు దీన్నే ఎక్కించి, కొమ్మకు కట్టేసి దిగాడు. దిగేసరికి కింద ఎవరూ లేరు. ఆళ్ల కోసం ఈదుకుంటా పోయాడు. ఆయనా రాలేదు. అవతలి చెట్టెక్కినోళ్లు చూసి చెప్పారు. నీళ్లు తీశాక దాన్ని కట్లిప్పి దింపింది మా మరిదే. 'నేనేడ్చా, నేనే ముందెక్కా' అని ఆ ఒక్క మాటే అందంట అప్పుడు. ఆ తరవాత ఎవరితోనూ అనలేదు."

ధ్రువానంద చేతిలో ఉన్న చాక్‌పీసు విరిగింది.

"ఏం చెప్పారు సామీ దానికి మీరు?" అంది తిరపతమ్మ.

అతను పశువుల పాక వెనక్కి పరిగెత్తాడు. నాంచారి అక్కడే ఉంది. నేల మీద గీతలేమీ లేవు. ఒట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా, మొన్న నేను తప్పు చెప్పాను. ఆ లెక్కకు దారి లేదు. ఎలా చేసినా కుదరదు" అన్నాడు రొప్పుతూ.

ఆమె పుల్ల తీసుకుని చెట్టు గీసింది. నీటి గీతలు గీసింది. ఒక్కొక్కరినే పైకి ఎక్కించింది. ముసలిది, పసిది, అమ్మ, ఆఖరున పెద్దపిల్ల. తలెత్తింది.

"లేదు సామీ. సరిగ్గానే ఉంది."

"అది నీ తప్పు కాదమ్మా. నువ్వు చిన్నపిల్లవి."

"గుండెలోతు దాకా ఆగగలను సామీ నేను. మీరే చెప్పారుగా, పెద్దపిల్ల ఆగాలని."

ధ్రువానందకు తెలిసిన శాస్త్రాలన్నీ ఆ మాట దగ్గర ఆగిపోయాయి. అబద్ధం చెబితే పట్టేయగలిగేలా ఆ పిల్లను తయారుచేసింది తనే. నిజం చెబుదామంటే ఆ నిజం ముందే చెప్పేశాడు, చప్పట్లు కొట్టించి మరీ.

పెద్దస్వామి గోశాల ముందు కూర్చుని దూడ మెడకు పట్టిన పేలు తీస్తున్నారు. ధ్రువానంద వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. చెప్పి, తల నేలకు ఆనించాడు.

"లెక్క తప్పయితే దిద్దేవాణ్ణి స్వామీ. తప్పు కాదు. ఎటు నుంచి చూసినా సరైన లెక్కే. అదే నన్ను చంపుతోంది. ఆ పిల్ల ఇలాగే ఉంటే ఎన్నాళ్లో బతకదు."

పెద్దస్వామి చేతివేళ్లు దూడ మెడ మీద ఆగాయి.  ధ్రువానంద చిన్నగా ఏడుస్తున్నాడు. ఊరుకోమని ఆయన అనలేదు.

"రేపు శనివారం కదూ" అన్నారు చివరికి.

"అవును స్వామీ. రేపు లెక్క ఉండదు. బల్ల పీకేస్తాను."

"ఉంచు. రేపటి లెక్క నేనిస్తాను. చేయవలసింది నువ్వు."

మర్నాడు పొద్దున పిల్లలందరినీ స్నానాల గట్టు దగ్గరకు రమ్మన్నారు. గట్టు మీద పెద్ద ఇత్తడి గంగాళం అంచుల దాకా నీళ్లతో ఉంది. గట్టు కింద ఇసక, ఇసక దాటితే వాలులో పెరటి కాలువ. పెద్దస్వామి లెక్క ఇస్తారట, లెక్కలస్వామి చేస్తారట అని పిల్లలకు సంబరంగా ఉంది. నాంచారి అందరి వెనకా నిలబడింది. తిరపతమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఉంది. ఆ భుజం చేతికి పుల్లలా తగులుతోంది.

పెద్దస్వామి ఇసకలో కొన్ని గులకరాళ్లు పేర్చారు. ఒక అరటిదొప్ప పెట్టారు.

"ధ్రువా, ఇక్కడ కూర్చో. ఇది పడవ. ఇందులో ఒక్కసారికి రెండు రాళ్లే పడతాయి. నల్లరాయి ఉన్న చోట తెల్లరాయి ఒంటరిగా ఉండకూడదు. మచ్చరాయి లేకుండా పడవ కదలదు. ఎర్రరాయి ఒకసారి దాటితే మళ్లీ వెనక్కి రాదు. అన్నీ అవతలి ఒడ్డుకు చేరాలి. ఏది ముందు?"

ధ్రువానంద మోకాళ్ల మీద వంగాడు. పిల్లలు గుమిగూడి మెడలు చాచారు. ఇలాంటివి అతనికి కొట్టిన పిండి. నల్లరాయి మీద వేలు పెట్టాడు, తీసేశాడు. "ముందు మచ్చరాయీ తెల్లరాయీ... ఊహూఁ, అలా అయితే..."

పెద్దస్వామి గట్టెక్కి, రెండు చేతులతో గంగాళాన్ని తోసేశారు.

నీళ్లు ఒక్కసారిగా గట్టు మీద నుంచి దూకాయి. ధ్రువానంద ముఖం మీద పడి, ఇసకను తవ్వుకుంటూ కాలువలోకి పోయాయి. చిన్నపిల్లలు కెవ్వుమన్నారు. ఇద్దరు ముగ్గురు పారిపోయి స్తంభాలను కరుచుకున్నారు. గంగాళం దొర్లి దొర్లి ఆగింది. అరటిదొప్ప కాలువలో తేలిపోతోంది.

ధ్రువానంద నిలువునా తడిసి అలాగే ముందుకు వంగి ఉన్నాడు. అతని కుడిచెయ్యి ఇసకలోకి చాచి ఉంది. పిడికిలి బిగిసి ఉంది.

పెద్దస్వామి దిగివచ్చి ఎదురుగా నిలబడ్డారు. "చెయ్యి తెరువు."

తెరిచాడు. అరచేతిలో ఒక ఎర్రరాయి ఉంది. అది అక్కడికి ఎలా వచ్చిందో అతనికే తెలియనట్టు దాన్ని చూశాడు.

"ఎందుకు పట్టుకున్నావు దీన్ని?"

ధ్రువానంద కారణం వెతికాడు. దేనికైనా కారణం చెప్పగలిగినవాడు, ఎంత వెతికినా దొరకలేదు.

"అందింది స్వామీ" అన్నాడు. "పట్టుకున్నాను."



పిల్లలు పక్కకు తప్పుకున్నారు. వెనక నుంచి నాంచారి వస్తోంది. ఎవరినీ ముందుకు పొమ్మనకుండా వచ్చింది. ధ్రువానంద అరచేతిలోకి వంగి ఆ రాయిని చూసింది. ముట్టుకోలేదు. తరవాత ఖాళీ ఇసక వైపు చూసింది, కాలువ వైపు చూసింది.

"మిగతాయి సామీ?" అని అడిగింది, పెద్దస్వామిని.

ఆయన ఆ బురదలోనే కూర్చున్నారు. ఇప్పుడు ఆయన ముఖం, ఆమె ముఖం ఒకే ఎత్తులో ఉన్నాయి.

"పోయినయ్ తల్లీ."

"ఎతికితే?"

"దొరకవు."

"ఆయన..." అంది నాంచారి ధ్రువానందను చూపిస్తూ, "ఆయనకి ఏది ముందో చూసుకోడానికి టయిం లేదు కదా?"

"లేదు తల్లీ."

ఆమె నోరు తెరుచుకుంది. మొదట చప్పుడు రాలేదు. ఊపిరి అందనట్టు మెడ నరాలు పొంగాయి, ఆ తరవాత ఎక్కడో లోతు నుంచి "నాన్నా" అని ఒక్క కేక వచ్చింది. తిరపతమ్మ పరుగున వచ్చి పట్టుకోకపోతే కింద పడేది. పాక వెనక కట్టేసిన ఆవులు కూడా ఆ ఏడుపుకు అటు తిరిగి చూశాయి. ఒకరి తరవాత ఒకరుగా మిగతా పిల్లలూ మొదలుపెట్టారు. ఆపమని ఎవరూ అనలేదు. భజన ఎత్తుకోబోయిన ఒక స్వామిని పెద్దస్వామి చేత్తోనే వారించారు.

ఆ పూట నాంచారి అన్నం తినలేదు. ఏడ్చి ఏడ్చి తిరపతమ్మ ఒళ్లోనే సొమ్మసిల్లినట్టు నిద్రపోయింది. పొద్దు వాలాక లేచింది. ముఖం ఉబ్బిపోయి గుర్తుపట్టేలా లేదు. "నానమ్మ నిలబడలేదు, మోకాళ్ల నొప్పులు" అంది, ఎవరో అడిగినట్టు. ఇంకాసేపు ఏడ్చింది. ఆ తరవాత, దాహమేస్తోందంటే తిరపతమ్మ గంజి పట్టుకొచ్చింది. సగం తాగింది.

సంధ్యవేళ ధ్రువానంద గురువుగారి దగ్గరకు వెళ్లాడు. బట్టలు మార్చుకోలేదు. ఒంటి మీదే ఆరిపోయాయి.

"స్వామీ, ఆ బల్ల తీసేయమంటారా?"

"ఎందుకు? పిల్లలకు లెక్కలు రావాలి."

అతను కదల్లేదు. పెద్దస్వామి చీకటి పడుతున్న పెరటి వైపు చూశారు. అక్కడ తిరపతమ్మ ఒంటరిగా గంగాళాన్ని ఎత్తి గట్టు మీద పెట్టబోతోంది. బరువుకు ఎత్తలేకపోతోంది.

"ఇకమీదట ఎవరైనా లెక్క తెస్తే," అన్నారు ఆయన లేచి అటు నడుస్తూ, "భేష్ అనబోయే ముందు అది ఎవరి లెక్కో అడుగు నాయనా."